‘బానే ఉంది మేడమ్’ అన్నాక మొదలయ్యే పని

కె.ఆర్. పురం రైల్వే స్టేషన్‌కి కాస్త అవతల ఒక సైబర్ ఉంది. జెరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అన్నీ ఒకేచోట చేసే చిన్న షాపుని బెంగళూరులో సైబర్ అనే అంటారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పాస్‌పోర్ట్ ఫొటోల కోసం గోడకి కొట్టిన నీలం గుడ్డ. ఆ గుడ్డ పక్కన స్టూలేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక సంక్షేమ పథకానికి జనం అప్లికేషన్ ఎలా పెడుతున్నారో చూడటం నా పని.

మూడో రోజు మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. కదిరి వైపు మనిషి, ఇక్కడ బేల్దారి పనికి పోతోంది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడతల దగ్గర చిరుగుపట్టిన కాగితాలు. షాపబ్బాయి పేరు, పుట్టిన తేదీ చకచకా కొట్టేశాడు. ఓటీపీ దగ్గర ఆగిపోయింది. ఆధార్‌కి ఇచ్చిన నంబరు భర్తది. ఆయన వైట్‌ఫీల్డ్‌లో ఏడో అంతస్తు శ్లాబు మీద ఉన్నాడు, ఫోను కింద అన్నం సంచిలో ఉంది. ఈవిడ అబ్బాయి ఫోను తీసుకుని మూడుసార్లు చేసింది, ఎవరూ ఎత్తలేదు. మూడు ఓటీపీలకీ టైమైపోయింది. “రేపు అన్నని కూడా పిల్చుకోని రాక్కా” అన్నాడు అబ్బాయి.

బయటికి వస్తుంటే అడిగాను, “ఎట్లుంది అక్కా ఈ ఆన్‌లైన్ పద్ధతి?”

“బానే ఉంది మేడమ్” అంది.

ఆ పూట ఆవిడ కూలి పోయింది. మర్నాడు ఇద్దరిదీ పోతుంది. సాయంత్రం ఆఫీసుకొచ్చి అప్లికేషన్ల లెక్కలు చూపించే డాష్‌బోర్డు తెరిస్తే అదే సంఘటన ఇంకోలా కనిపించింది: ఒక అప్లికేషన్ ఓటీపీ దగ్గర వదిలేశారు, మూడు ప్రయత్నాలు, పదకొండు నిమిషాలు. మా ఇంజినీరు దాన్ని చూసి ఎస్సెమ్మెస్ ఆలస్యంగా వెళ్తోందేమో, అది పంపే కంపెనీని మారుద్దామా అన్నాడు. అతని తప్పేం లేదు, తెర మీద కనిపించేది అంతే. ఆవిడ నోటి మాటని బట్టి సమస్యే లేదు. కంప్యూటర్ లెక్కని బట్టి సమస్య ఉంది గానీ అసలుది కాదు. ఈ రెంటికీ నడుమ జరిగినదాన్ని పట్టుకుని, దాన్ని మార్చగలిగిన వాళ్ళ ముందు పెట్టేవాళ్ళని యూజర్ రీసెర్చర్ అంటారు. నేను పన్నెండేళ్ళుగా ఇది చేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ సేవల మీదే. పేరుకి ముందు ‘సీనియర్’ అని తగిలించి ఐదేళ్ళయింది.

ఈ పనిని చాలామంది సర్వే అనుకుంటారు. మనకి ముందే తెలిసిన ప్రశ్నకి జవాబులు లెక్కపెట్టడానికి సర్వే పనికొస్తుంది. ‘మీ భర్త ఫోను పనివేళల్లో ఎక్కడ ఉంటుంది?’ అని అడగాలని ఎవరికైనా ముందే ఎలా తోస్తుంది? ఇంకొంతమంది మార్కెట్ రీసెర్చ్ అనుకుంటారు. అక్కడ కొనేవాడికి ఇంకో కొట్టు ఉంటుంది. క్యాబ్ యాప్ వందలో పదిమందికి అర్థం కాకపోతే వాళ్ళు ఆటో ఎక్కుతారు, కంపెనీ మిగతా తొంభైమందితో బతికేస్తుంది. రేషన్ కార్డుకి ఇంకో కౌంటర్ లేదు. పైగా ఆ పదిమంది ఎవరా అని చూస్తే, ఆ సేవని ఎవరి కోసం పెట్టారో తరచుగా వాళ్ళే.

కోవిడ్ టీకాల రోజులు గుర్తు తెచ్చుకోండి. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్ళవాళ్ళకి టీకా తెరిచారు, కానీ కోవిన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ముందుగా రిజిస్టర్ చేసుకుని స్లాట్ పట్టుకుంటేనే. అప్పటికి ఆ పోర్టల్ ఇంగ్లీషులోనే ఉండేది. కంప్యూటర్ ఉద్యోగాల వాళ్ళు స్లాట్ తెరుచుకోగానే కబురందే ఏర్పాట్లు చేసుకుని, బెంగళూరు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి కార్లలో వెళ్ళి టీకాలు వేయించుకున్నారు. ఆ ఊళ్ళవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ లేనివాళ్ళ సంగతేమిటని మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. జూన్‌లో తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు వచ్చాయి, జూన్ 21 నుంచి నేరుగా కేంద్రానికి వెళ్ళి నమోదు చేయించుకునే వీలు అందరికీ కలిగింది. మొదట్లో తడబడినా, కోవిన్ సాఫ్ట్‌వేర్ మొత్తమ్మీద ఆ ఒత్తిడిని తట్టుకుని నిలబడిందన్నది నిజమే. అయితే సాఫ్ట్‌వేర్ నిలబడటం ఒక ప్రశ్న, లైన్లో ఎవరు నిలబడగలిగారన్నది ఇంకో ప్రశ్న.

ఈ రెండో ప్రశ్న అడగడానికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం ప్రభుత్వాల్లో పద్ధతిగా మారింది బ్రిటన్‌లో. 2011లో అక్కడ గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగం పెట్టారు. మరుసటి ఏడాది వాళ్ళు ప్రకటించిన డిజైన్ సూత్రాల్లో మొదటిది, వాడేవాళ్ళ అవసరంతో మొదలుపెట్టమని. యూజర్ రీసెర్చర్, సీనియర్, లీడ్ అంటూ సివిల్ సర్వీసులోనే మెట్లు ఏర్పడ్డాయి. ఒక సేవని కట్టేముందు డిస్కవరీ అని ఒక దశ ఉంటుంది. అప్పుడు ఎవరూ ఏమీ కట్టకూడదు, సమస్య ఏమిటో తెలుసుకోవాలంతే.

మన దగ్గర పని అలా రాదు. టెండరు ద్వారా వస్తుంది. ఏయే స్క్రీన్లుండాలి, ఏ కాగితాలు అప్‌లోడ్ చేయాలి, ఎన్ని నెలల్లో అప్పగించాలి, అన్నీ ఆ టెండరు కాగితాల్లోనే ఖరారైపోతాయి. సంతకాలయ్యాక, సగం కోడు రాశాక, ‘యూజర్ రీసెర్చ్ కూడా ఒక రౌండు చేయించండి’ అని మాకు ఫోనొస్తుంది. గోడలు లేచాక వాస్తు చూపించుకున్నట్టు. బెంగళూరులో ఈ పని చేసేవాళ్ళు రకరకాల చోట్ల ఉన్నారు: పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల గవర్నమెంట్ విభాగాల్లో, చిన్న డిజైన్ స్టూడియోల్లో, నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని 2003లో ఇక్కడ మొదలుపెట్టిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థల్లో. ఆధార్ టెక్నాలజీ కేంద్రం కూడా ఈ ఊళ్ళోనే. అందుకే కాబోలు, కోట్లమందికి ఒకేసారి పనికొచ్చేది కట్టాలన్న మాట ఇక్కడ టీకొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది. ఆ కోట్లలో ఒక మనిషి దగ్గర నాలుగు రోజులు కూర్చుందామంటే మాత్రం బడ్జెట్ వెతుక్కోవాలి.

మళ్ళీ ఆ ‘బానే ఉంది’ దగ్గరికొద్దాం. చేతిలో నోట్‌బుక్, మెడలో ఐడీ కార్డు, మర్యాదగా మాట్లాడే ఆడమనిషి. నన్ను చూసి గవర్నమెంటు మనిషి కాదని ఎవరనుకుంటారు? బాగోలేదంటే ఏమవుతుందో, పేరు తీసేస్తారేమో. ఇంకా లోపల ఇంకో సంగతి ఉంటుంది: అర్థం కాలేదని చెబితే చదువు రాదని ఒప్పుకున్నట్టు. చేసిపెట్టిన అబ్బాయి మీద చాడీ చెప్పినట్టు కూడా. ఇన్ని బరువులు మోస్తున్న మాట అది. అందుకే ‘ఎలా ఉంది?’ అని అడగడం మానేశాను (ఆ రోజు పాత అలవాటు కొద్దీ నోరు జారింది). ‘పోయినసారి ఈ పని మీద ఎప్పుడు బయల్దేరారు? ముందు ఎక్కడికెళ్ళారు?’ అని మొదలుపెడతాను. అప్పుడు కథ వస్తుంది. మనవాళ్ళ దగ్గర దీనికి చక్కటి కొలత ఒకటుంది, ‘తిరగడం’. “నాలుగు తూర్లు తిరిగినా” అంటారు. నిమిషాలెవరూ చెప్పరు, ఎన్నిసార్లు తిరిగారో, ఎన్ని కూలీలు పోయాయో చెబుతారు. నా రిపోర్టుల్లో ఇప్పుడు ఆ రెండు లెక్కలూ తప్పకుండా ఉంటాయి. నిమిషాల లెక్క పక్కన అవి పెడితే ఆఫీసర్లు కూడా ఆగి చదువుతారు.

అసలు యూజర్ ఎవరు అన్నది తేల్చుకోవడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా తలకెక్కిన విషయం. పుస్తకాల్లో యూజరంటే ఫోను పట్టుకుని ఒంటరిగా కూర్చున్న మనిషి. కె.ఆర్. పురం షాపులో ఒక అప్లికేషన్‌కి నలుగురు కావాలి: కాగితాలు తెచ్చిన ఆవిడ, ఓటీపీ వచ్చే ఫోనున్న భర్త, కీబోర్డు మీద చేతులున్న అబ్బాయి, ఏమేం కాగితాలు పట్టుకెళ్ళాలో ముందే చెప్పి పంపిన మేస్త్రి. మనం ఎవరికోసం డిజైన్ చేస్తున్నట్టు?

ఒకసారి దీన్ని బాగా దెబ్బతిని నేర్చుకున్నాను. బ్రిటన్ వాళ్ళ సేవల్లో ఒక్కో పేజీకి ఒక్కో ప్రశ్న మాత్రమే పెట్టే పద్ధతి ఉంది. చదవడం కష్టమైనవాళ్ళకి అది నిజంగా మేలు. ముప్ఫై గడులున్న మా ఫారాన్ని మేం కూడా అలాగే విడగొట్టాం. ఇంట్లో, సొంతంగా, మొదటిసారి నింపేవాళ్ళతో పరీక్షిస్తే బ్రహ్మాండంగా వచ్చింది. మురిసిపోయాం. తర్వాత సైబర్‌కి పట్టుకెళ్తే, రోజంతా అవే ఫారాలు నింపే అబ్బాయి ఐదో పేజీలో మౌస్ వదిలేశాడు. “ఇన్ని నెక్స్టులేంటి మేడమ్? నాకు ట్యాబ్ కొట్టుకుంటూ పోతే రెండు నిమిషాల పని.” బయట లైను పెరుగుతోంది. మేం సులువు చేశామనుకున్నది, నిజంగా ఆ ఫారాలు నింపుతున్నవాడికి బరువైంది. వాడి దగ్గర ఆలస్యమైతే ఆ ఆలస్యం లైన్లో నిలబడ్డవాళ్ళదే. చివరికి రెండు దార్లు కట్టాల్సొచ్చింది, ఒకటి సొంతంగా నింపేవాళ్ళకి, ఒకటి షాపుకి. ఖర్చు పెరిగిందని మాట పడ్డాను.

ఇక ఎంతమందితో మాట్లాడితే సరిపోతుంది? ఈ రంగంలో ఐదుగురు చాలన్న మాట వేదవాక్కులా తిరుగుతుంటుంది. వెబ్‌సైట్లు వాడటం ఎంత సులువో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో అది ప్రచారమైంది: ఐదుగురితో పరీక్షిస్తే 85 శాతం లోపాలు బయటపడతాయని. ఆ లెక్క వెనక ఒక షరతుంది. ఏ లోపమైనా ఒక మనిషి దగ్గర కనపడే అవకాశం సగటున 31 శాతం ఉందనుకుంటేనే ఆ 85 వస్తుంది. మరి వందలో ఇద్దరికే తగిలే లోపమైతే? అదే సూత్రంలో వేసి చూడండి, ఐదుగురిలో ఒక్కరి దగ్గరైనా అది కనిపించే అవకాశం పది శాతం కూడా రాదు. వందలో ఇద్దరే కదా అనుకోవడానికీ లేదు. 2011 జనగణన ప్రకారం కర్ణాటక జనాభా 6.11 కోట్లు, అందులో రెండు శాతమంటే 12 లక్షల పైచిలుకు.

అందుకని ఎవరో ఐదుగుర్ని పట్టుకురమ్మంటే నేను ఒప్పుకోను. పని ఎక్కడ తెగుతుందో అక్కడి మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్తాను. సిమెంటు పనిలో వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళు. పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 పడ్డ పెద్దవాళ్ళు. ఇంటికంతా ఒకే ఫోనున్నవాళ్ళు. కాగితానికో రకంగా పేరున్నవాళ్ళు.

ఈ పేరు సంగతి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒకావిడ పేరు పి. లక్ష్మీదేవి అనుకుందాం. ఇంటిపేరు ముందు, పేరు వెనక, మనకదే సహజం. ఆధార్‌లో పేరుకి ఒకే గడి, కాబట్టి చెప్పింది చెప్పినట్టు ఎక్కింది. పాన్ ఫారంలో ఇంటిపేరుకి విడిగా గడి, అక్కడ ఇనీషియల్ కుదరదు, పూర్తిగా రాయాలి. బ్యాంకులో ఎవరో ‘లక్ష్మీ దేవి పి’ అని తిరగేశారు. పెళ్ళయ్యాక ఓటరు కార్డులో అత్తగారింటి పేరు వచ్చింది. నాలుగు కాగితాల్లోనూ మనిషి ఒకటే, మెషీన్ లెక్కలో నలుగురు. ‘నేమ్ మిస్‌మ్యాచ్’ అని ఎర్రక్షరాలొస్తాయి. ఇన్నాళ్ళలో నేను చూసిన రిజెక్షన్లలో ఈ ఒక్క కారణం మళ్ళీ మళ్ళీ తగిలింది. స్పెల్లింగ్ కాస్త తేడా ఉన్నా, ముందూ వెనకా అయినా మనిషి చేత ఒకసారి చూపించమని రాశాం. ‘ఫ్రాడ్ జరిగితే ఎవరు బాధ్యులు?’ అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రోజూ ఇలాంటి న్యాయమైన ప్రశ్నల మధ్యే పని.

భాష సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. బెంగళూరులో ఏళ్ళ తరబడి ఉన్న మనవాళ్ళు చాలామంది, లిపి దగ్గరిదే కాబట్టి, కన్నడం అక్షరమక్షరం కూడబలుక్కుని చదివేస్తారు. ఒక పరీక్షలో హిందూపురం పెద్దాయన ‘ముందె’ అన్న బటన్ దగ్గర ఆగిపోయాడు. కన్నడంలో దానర్థం తర్వాతి పేజీ. “ముందు పేజీ మల్లా ఎందుకు? అది అయిపోయింది కదమ్మా” అన్నాడాయన. ఆయన తెలుగులో చదివాడు. పోనీ తెలుగులో పెడదామంటే అక్కడా ఇదే చిక్కు. ‘ముందు పేజీలో చెప్పినట్టు’ అంటే గడిచిపోయినది, ‘ముందుకు పోదాం’ అంటే రాబోయేది. ‘తదుపరి’ అంటే సగంమంది తడుముకున్నారు. ‘నెక్స్ట్’ అని తెలుగు లిపిలో పెడితే ఒక్కరూ ఆగలేదు. అనువాదాల బాధ్యత చూసే పెద్దాయన దానికి ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. ‘తిరస్కరించబడినది’ బదులు ‘రిజెక్ట్ అయింది’ అని పెట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు.

బటన్లు మార్చినా తీరనివి వేరే ఉంటాయి. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలై మామూలు సర్కారు బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమైంది, కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు చూపిస్తే. మా బిల్డింగులో ఇళ్ళల్లో పనిచేసే మడకశిర అక్క పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నా రోజూ టికెట్ కొంటుంది. ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవడం తెలియదేమో, నేర్పిద్దామని మా జూనియర్ ఒకమ్మాయి ఉత్సాహపడింది. అడిగి చూడమన్నాను. “తెలీక కాదమ్మా. అది మారిస్తే ఊర్లో రేషన్, అత్త పింఛను ఏమవుతాయో ఎవురు చెప్తారు?” అందట. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చింది కాబట్టి పండక్కి ఊరెళ్ళినప్పుడు అక్కడి పల్లె బస్సు ఉచితం, ఇక్కడ పనికెళ్ళడానికి టికెట్. ఆవిడకి తెలియనిదేమీ లేదు, లెక్కేసుకుని కూర్చుంది. దీన్ని ‘అవగాహన లోపం’ అని రిపోర్టులో రాసి ఉంటే అది అబద్ధమయ్యేది. ఇది వెబ్‌సైట్ వాళ్ళు తీర్చేది కాదు, పాలసీ రాసేవాళ్ళకి చేరాల్సిన మాట అని విడదీసి చెప్పాలి.

జూనియర్‌కీ సీనియర్‌కీ తేడా ఏమిటని ఆ అమ్మాయే ఒకసారి అడిగింది. ఇంటర్వ్యూలు నాకంటే తనే బాగా చేస్తుంది. నా రోజులో ఎక్కువ భాగం వేరేచోట పోతుంది: ఏ ప్రశ్న ఇప్పుడు అడిగితే పనికొస్తుందో ఎంచుకోవడం, నిర్ణయం ముందే అయిపోయి మా పేరు మీద ముద్ర మాత్రమే కావాలనుకున్నప్పుడు ఆ స్టడీ వద్దనడం, జనం నోట విన్నదానికీ మేం ఊహించినదానికీ మధ్య గీత గీయడం. జనం సమాచారం విషయంలో జాగ్రత్త కూడా నామీదే. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది గానీ, రాకముందూ ఆధార్ నంబరు కనపడే ఫొటో మా ఫోన్లలో ఉండకూడదన్నది మా నియమం. మాతో కూర్చున్నందుకు ఆ పూట కూలి లెక్కగట్టి ఇస్తాం, మాట్లాడకపోయినా వాళ్ళ అప్లికేషన్‌కి ఏమీ కాదని ముందే చెబుతాం. ఎంత చెప్పినా చివర్లో ఎవరో ఒకరు “మా పింఛను సంగతి కొంచెం చూడు తల్లీ” అంటారు. చూడలేను. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన మాట లేదు.

నలభై పేజీల రిపోర్టు ఎవరూ చదవరని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు వీలైతే ఆఫీసరునే షాపుకి తీసుకెళ్తాను. కె.ఆర్. పురం పని చివర్లో ఒకాయన వచ్చాడు. కారు దూరంగా ఆపించి, గంటసేపు నా స్టూలు మీద కూర్చున్నాడు. ఏడు అప్లికేషన్లు చూశాడు. ఐదింటికి రెంటల్ అగ్రిమెంట్ లేక వెనక్కి పంపాడు అబ్బాయి. “ఈ అగ్రిమెంట్ ఎందుకు అడుగుతున్నావు?” అన్నాడీయన. “మీ వాళ్ళే అడుగుతారు కదా సార్” అన్నాడు వాడు, ఎవరో తెలియకుండానే.

ఆయన ఆఫీసుకెళ్ళి పాత ఉత్తర్వులు తీయించాడు. అగ్రిమెంట్ కావాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఎప్పుడో ఎవరో అడ్రస్ రుజువు కింద ఒక ఉదాహరణగా రాసింది, ఫారంలో నక్షత్రం గుర్తుతో తప్పనిసరి గడిగా మారింది. మేం మూడు గడులు తీసేయమన్నాం. ఆ ఒక్కటి తీశారు. మిగతా రెండూ ఆడిట్ వాళ్ళకి కావాలన్నారు. ఓటీపీ సంగతి ఇంకా ఫైల్లోనే ఉంది. భర్త లేకపోయినా నడిచే దారి ఒకటి రాసిచ్చాం, పైవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

రెండు నెలలాగి ఆ సైబర్‌కి వెళ్ళాను. గోడ మీద ‘తేవాల్సిన కాగితాలు’ అని లామినేషన్ చేసిన లిస్టు అలాగే ఉంది, నాలుగో నంబరు రెంటల్ అగ్రిమెంట్. తీసేశారు కదా, ఇంకా ఎందుకు పెట్టావని అడిగాను.

“ఉంటే మంచిదే కదా మేడమ్” అన్నాడు అబ్బాయి, లామినేషన్ మిషను మీంచి తల ఎత్తకుండా. “వాళ్ళు మళ్ళీ అడిగితే?”